74 రోజుల తర్వాత పాపను ఇంటికి తెచ్చుకున్నాం, ఆక్సిజన్ మిషన్‌తో సహా

"ఇంకో వారం పది రోజుల్లో ఇంటికి పంపిద్దాం అమ్మా, మీరు ఏర్పాట్లు మొదలుపెట్టుకోండి" అని డాక్టర్ గారు రౌండ్స్‌లో చెప్పిన రోజు నేను ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని సిస్టర్ నా భుజం తట్టింది. నిజానికి అది భయం. అరవై రోజులకు పైగా మా పాపను మిషన్లు, సిస్టర్లు, డాక్టర్లు కలిసి కాపాడారు. నేను పాలు పిండి ఇచ్చి, కాసేపు గుండెల మీద పడుకోబెట్టుకుని, గంట కొట్టగానే బయటికి వచ్చేదాన్ని. ఇప్పుడు ముక్కులో గొట్టం ఉన్న పిల్లను నా చేతుల్లో పెట్టి నల్గొండ వెళ్లమంటున్నారు. వంద కిలోమీటర్ల అవతల, రాత్రి రెండు గంటలకు ఏమన్నా అయితే నేనేం చేయాలి? ఆ రోజంతా నా బుర్రలో ఇదొక్కటే తిరిగింది, ఎవరికీ చెప్పలేదు కూడా, తల్లి అయ్యుండి పిల్లను ఇంటికి తీసుకుపోవడానికి భయపడుతుందా అనుకుంటారని. ఇలాంటి భయంలోనే ఉన్న వాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు మా సంగతి చెప్తాను. మా ఆయనకు నల్గొండలో మోటార్ వైండింగ్ షాపు ఉంది, నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మొదటి కాన్పు. ఏడో నెలలో బీపీ ఒక్కసారిగా పెరిగిపోయింది, కాళ్లు, ముఖం వాచాయి, తలనొప్పితో కళ్ల ముందు మెరుపులు వచ్చాయి. ఇక్కడి డాక్టరమ్మ చూసిన అరగంటలో హైదరాబాద్ పంపించింది. ఫిబ్రవరి 4న ఆపరేషన్ చేసి పాపను తీశారు. 27 వారాల 5 రోజులు, బరువు 940 గ్రాములు. కిలో చక్కెర ప్యాకెట్ కంటే తక్కువ. మా ఆయన అరచేయి అంత కూడా లేదు దాని వీపు.

వెంటిలేటర్, తర్వాత ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్, మధ్యలో ఒక ఇన్ఫెక్షన్, రెండుసార్లు రక్తం ఎక్కించడం, ఇవన్నీ ఇప్పుడు వివరంగా రాయలేను, రాయాలనీ లేదు. పాలు మాత్రం రోజుకు ఎనిమిదిసార్లు పిండేదాన్ని, రాత్రి రెండుకు, ఐదుకు కూడా అలారం పెట్టుకుని. మొదట్లో రెండు గంటలకోసారి 1 మి.లీ. పాలు గొట్టం ద్వారా పోసేవాళ్లు, ఆ ఒక్క మి.లీ. అరిగిందా లేదా అని రోజంతా ఎదురుచూడటం. మిగతావన్నీ ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చింది కానీ, కడుపులో ఉన్న వారాలతో కలిపి 36 వారాలు నిండినా ఆక్సిజన్ మాత్రం వదల్లేదు. దీన్ని బీపీడీ అంటారట. నెలలు నిండకుండా పుట్టిన ఊపిరితిత్తులు, దాని మీద మిషన్ల ఒత్తిడి, ఇవన్నీ కలిసి అవి కోలుకోవడానికి ఇంకా సమయం పడుతుందని డాక్టర్ గారు చెప్పారు. పిల్ల పెరుగుతుంటే ఊపిరితిత్తులూ కొత్తగా పెరుగుతాయి, అప్పటిదాకా కొంచెం సాయం కావాలి, ఆ సాయం ఇంట్లోనూ ఇవ్వొచ్చు అన్నారు. నిమిషానికి పావు లీటరు. అంతే. ఆ పావు లీటరు చుట్టూనే మా ఇల్లు మొత్తం మార్చుకోవాల్సి వచ్చింది.

డిశ్చార్జ్ అంటే ఒక తేదీ అనుకున్నాను నేను. కాదట. పాప కొన్ని పనులు చేసి చూపించాలి, మేమూ కొన్ని పనులు చేసి చూపించాలి. పాప వైపు నుంచి: వార్మర్ లేకుండా ఒళ్లు వెచ్చగా ఉంచుకోవాలి, చంకలో పెట్టి చూస్తే 36.5 నుంచి 37.5 మధ్య ఉండాలి. వరుసగా రోజూ బరువు పెరగాలి. గొట్టంతో కాకుండా నోటితో పాలు తాగాలి. ఊపిరి మరిచిపోకూడదు. ఈ చివరిది నాకు మొదట అర్థం కాలేదు, కానీ నెలలు నిండని పిల్లలు నిజంగానే ఊపిరి తీయడం మరిచిపోతారు, దానికి కెఫీన్ మందు ఇస్తారు. మా పాపకు అది ఆపేసి మూడు వారాలయింది, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. మా వైపు నుంచి ఏం చూపించాలో తర్వాత చెప్తాను, నాకు ఎక్కువ కష్టమైంది అదే.

ముందు ఏ ఇంటికి అన్నది తేలాలి. మొదటి కాన్పు కాబట్టి పుట్టింటికే పోవాలని మా అమ్మ పట్టు. మా పుట్టిల్లు చండూరు దగ్గర ఒక ఊరు. అమ్మ నెల నుంచి గది కడిగి, సున్నం వేయించి, పాత మెత్తటి చీరలు ఉతికి మడతలు పెట్టి ఉంచింది. కాదని చెప్పడానికి నోరు రాలేదు. కానీ అక్కడ గాలి కొడితే కరెంటు పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. పిల్లల డాక్టర్ దగ్గరికి రావాలంటే రాత్రిపూట గంట పడుతుంది. మా నాయనే చివరికి తేల్చాడు. "పిల్లను చూడాలనుకుంటే మనమే నల్గొండ పోదాం, పిల్ల మన దగ్గరికి రావాల్సిన పని లేదు" అన్నాడు అమ్మతో. అమ్మ రెండు రోజులు ముభావంగా ఉంది, మూడో రోజు ఆ చీరలన్నీ మూట కట్టుకుని నల్గొండ వచ్చేసింది.

మా ఆయన చేసిన పని ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి పనికొస్తుంది. ఇంట్లో ఆక్సిజన్ అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్ మిషన్, దానికి తోడు కరెంటు పోతే వాడటానికి సిలిండర్. 5 లీటర్ల మిషన్ దాదాపు 350 వాట్లు తీసుకుంటుంది. మా ఇన్వర్టర్‌కు 150 ఏహెచ్ బ్యాటరీ ఉంది, ఆయన లెక్కేసి ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేసి మిషన్ ఒక్కటే నడిపితే మూడు గంటల పైన వస్తుందని తేల్చాడు. తేల్చి ఊరుకోలేదు, ఒక రాత్రి మెయిన్ ఆపేసి మిషన్ నడిపి గడియారం పెట్టుకుని కూర్చున్నాడు. మూడు గంటల పది నిమిషాలు వచ్చింది. చిన్న బి టైప్ సిలిండర్‌లో 1500 లీటర్ల దాకా ఆక్సిజన్ పడుతుంది, నిమిషానికి పావు లీటరు చొప్పున అయితే కాగితం మీద వంద గంటలు. కానీ సిలిండర్ నిండుగా వచ్చిందో లేదో, ఎక్కడన్నా లీకు ఉందో చెప్పలేం కాబట్టి సగమే లెక్కలో పెట్టుకోమన్నారు హాస్పిటల్ వాళ్లు. సగమైనా రెండు రోజులు. ఆ లెక్క విన్నాక ఆ రాత్రి నేను కాస్త నిద్రపోయాను. కరెంటు ఆఫీసుకు కూడా పోయి, ఇంట్లో ఆక్సిజన్ మీద పసిపిల్ల ఉందని డాక్టర్ కాగితం జతచేసి అర్జీ ఇచ్చాడు, మా ఏరియా లైన్‌మన్ నంబరు తీసుకున్నాడు, 1912 ఎలాగూ ఉంది. అలా ఇస్తే కరెంటు పోదని కాదు, పోయినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది.

మిషన్ పాప గదిలో పెట్టొద్దు. అది వేడి గాలి వదులుతుంది, బురబుర మోత. ఏప్రిల్‌లోనే 40 దాటే ఎండలు మావి, దానికి తోడు ఈ వేడి ఎందుకు. హాల్లో గోడకు జానెడున్నర దూరంలో పెట్టి, పొడవు గొట్టం గది లోపలికి తెచ్చాం. గొట్టం మీద ఎవరూ కాలు పెట్టకుండా మా మరిది గోడ వెంబడి క్లిప్పులు కొట్టాడు. తేమ కోసం మిషన్‌కు ఒక నీళ్ల సీసా ఉంటుంది, దాంట్లో బోరు నీళ్లు పోయొద్దని గట్టిగా చెప్పారు. మన నల్గొండ బోరు నీళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది, ఫ్లోరైడ్‌తో మా మేనమామ నడుమే వంగిపోయింది. మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ తెచ్చి పెట్టుకున్నాం, రోజూ పాతవి పారబోసి సీసా కడిగి కొత్తవి పోయాలి.

ఇక్కడే ఒక దెబ్బ తిన్నాం. ఇంటికి తీసుకుపోయే మిషన్‌ను ముందే హాస్పిటల్‌కు తెప్పించి, పాపను ఒకటి రెండు రోజులు దాని మీదే ఉంచి చూస్తారు. అద్దెకిచ్చే షాపులో మేం పావు లీటరు అని మూడుసార్లు చెప్పాం. తీరా మిషన్ వచ్చాక సిస్టర్ దాని ముందు కూర్చుని చూసింది. గాజు గొట్టంలో చిన్న బంతి పైకి కిందికి పోతుంది చూడండి, దాని మీద మొదటి గీతే అర లీటరు. అంతకంటే కింద గీతలే లేవు. షాపతనికి ఫోన్ చేస్తే "అర దగ్గర పెట్టుకోండి మేడం, ఎక్కువైతే ఏం కాదు, ఆక్సిజనే కదా" అన్నాడు. సిస్టర్ ఒప్పుకోలేదు. నెలలు నిండని పిల్లకు కంటి లోపలి రక్తనాళాలు ఇంకా పెరుగుతుంటాయి, ఆక్సిజన్ తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కంటికి చేటు అని చెప్పింది. చంటిపిల్లలకు 0 నుంచి 1 లీటరు వరకు గీతలుండే లో ఫ్లో మీటర్ వేరే ఉంటుందట. అది మిషన్‌కు ఒకటి, సిలిండర్‌కు ఒకటి దొరికేసరికి మూడు రోజులు పట్టింది. ఏప్రిల్ 16న అనుకున్న డిశ్చార్జ్ 19కి పోయింది. అప్పుడు చాలా కోపం వచ్చింది, ఇంటికి వచ్చి దాన్ని బిగించుకుని ఉంటే ఏమయ్యేదో అని తర్వాత తలుచుకుంటే చేతులు చల్లబడ్డాయి. మీరు మిషన్ తీసుకుంటే ఆ గీతలు మీ కళ్లతో చూసి తీసుకోండి.

ఇంకొకటి, వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ చంటిపిల్లలకు పనికిరాదు. కరోనా టైంలో కొన్నది ఉంది కదా అని మా ఆయన తెచ్చాడు, పాప కాలు మొత్తం పెట్టినా నంబరు రాలేదు. పాదానికి చుట్టే పట్టీ లాంటి ప్రోబ్ ఉన్నది కావాలి.

ఇక మా వైపు నుంచి చూపించాల్సిన పనులు. చివరి పది రోజులు సిస్టర్ ఒక పద్ధతి పెట్టింది. మొదటి రెండు రోజులు తను చేస్తుంది, నేను చూడాలి. తర్వాత నేను చేయాలి, తను చెప్తుంది. ఆ తర్వాత నేను చేస్తుంటే తను నోరు తెరవదు. ఆ మూడోదానిలో నేను పడ్డ టెన్షన్ బీఈడీ పరీక్షలప్పుడు కూడా పడలేదు.

పాలు పట్టడం చెప్తాను. పాలడై అంటారు, మన ఉగ్గుగిన్నె లాంటిదే, ఒక వైపు ముక్కు ఉంటుంది. పాపను ఒళ్లో కొంచెం నిటారుగా పెట్టి, గిన్నె ముక్కు పెదవి మూలకు ఆనించి, బొట్టు బొట్టుగా పోయాలి. నేను మొదటిరోజు గిన్నె వంచేశాను, పాలు చెంప మీదుగా మెడలోకి పోయాయి, పాపకు పొలమారింది, పెదవుల చుట్టూ రంగు మారింది. ఏం పాపం చేశానో అన్నట్టు గిన్నె కింద పెట్టేశాను. సిస్టర్ ఓపికగా మళ్లీ చేతికిచ్చి, "గొంతు చూడమ్మా, మింగిందా? ఇప్పుడు ఊపిరి తీసుకోనివ్వు. తీసుకుందా? ఇప్పుడు ఇంకో బొట్టు" అంది. మింగడం, ఊపిరి, మింగడం, ఊపిరి. మనకు తెలియకుండానే జరిగిపోయే పని అది, ఆ పిల్లకు మాత్రం ఒక్కోటి ఒక్కో పని. కొంచెం తాగాక కనుబొమ్మలు ముడిచి, వేళ్లు విప్పి చేయి పక్కకు చాచేది. అలా చాచిందంటే అలసిపోయిందని, ఆగమని. ఆ చేయి భాష నాకు అర్థమవడానికి నాలుగు రోజులు పట్టింది. డిశ్చార్జ్ నాటికి మూడు గంటలకోసారి 40 మి.లీ. తాగేది, అందులో రోజుకు రెండుసార్లు రొమ్ము దగ్గరే.

తర్వాత ముక్కు గొట్టం. చెంపల మీద టేపు అంటిస్తారు, రోజూ పీకి అంటిస్తే ఆ చర్మం కాగితంలా చిరుగుతుంది. అందుకని ముందు చర్మం మీద ఒక మెత్తటి పట్టీ వేసి, దాని మీద టేపు వేయాలి. టేపు మార్చినా కింది పట్టీ కదలదు. తీయాల్సి వస్తే గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో తడిపి, నానాక నెమ్మదిగా. ముక్కు ఎండిపోయిందని వ్యాసలిన్ లాంటివి రాయకూడదు, ఆక్సిజన్ దగ్గర అవి ప్రమాదం.

ఊపిరి ఆగితే ఏం చేయాలో బొమ్మ మీద నేర్పారు. ముందు పాదం మీద తట్టి, వీపు రుద్ది లేపాలి. ఉలుకూ పలుకూ లేకుండా ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోన్, ఇంకొకరు ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి, నోరు ముక్కు కలిపి 2 సార్లు చిన్నగా ఊదాలి. ఇది చదివి నేర్చుకునేది కాదు, చేతులతో చేసి చూడాల్సిందే, హాస్పిటల్‌లో నేర్పకపోతే అడిగి నేర్పించుకోండి. ఇంట్లో కనీసం ఇద్దరికి రావాలన్నారు. నేను, మా ఆయన, మా అమ్మ నేర్చుకున్నాం. మా అమ్మ చదువుకోలేదు, ఆ బొమ్మ మీద 30 లెక్కపెడుతూ నొక్కుతుంటే ఆమె పెదవులు వణకడం చూశాను. కానీ ఆపలేదు, చివరిదాకా లెక్క తప్పలేదు.

మందులు. ఐరన్ చుక్కలు, మల్టీవిటమిన్, విటమిన్ డి, ఇంకో మందు ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా. అన్నీ మి.లీ.లో పదో వంతుల్లో ఉంటాయి. డిశ్చార్జ్‌కు ముందురోజు మందులు కొనుక్కొచ్చి సిస్టర్‌కు చూపిస్తే, విటమిన్ డి సీసా తిప్పి చూసి పక్కన పెట్టింది. మా చీటీలో ఉన్నది మి.లీ.కి 400 యూనిట్లది, షాపులో ఇచ్చింది 800ది. పేరు అదే, డబ్బా రంగు అదే. రోజూ రెట్టింపు పోయేది. అప్పటి నుంచి సీసా మీద అంకె చదవకుండా ఏదీ ఇంట్లోకి రానివ్వడం లేదు. ఒక్కో మందుకు ఒక్కో సిరంజి పెట్టుకుని, ఎంతవరకు తీయాలో అక్కడ ఎర్ర టేపు ముక్క అంటించాను, నిద్రమత్తులో కూడా తప్పు పోకుండా.

తల్లుల గదిలో నాగర్‌కర్నూల్ వైపు అమ్మాయి ఒకామె ఉండేది, నాకంటే మూడు వారాలు ముందు వచ్చింది, నాకంటే చిన్నది. ఆమె ఒక నోటుబుక్కు పెట్టుకుని పాలు ఎన్ని తాగింది, మూత్రం ఎన్నిసార్లు, మందు ఇచ్చామా, అన్నీ రాసేది. "అక్కా, రాత్రి మూడింటికి మన బుర్ర పనిచెయ్యదు, బుక్కు పనిచేస్తది" అనేది. ఆమె పోతూ పోతూ నాకు కొత్త నోటుబుక్కు కొనిచ్చి గీతలు కూడా తనే కొట్టి ఇచ్చింది. ఇప్పుడు నేను మూడో బుక్కులో ఉన్నాను.

మా అత్తమ్మ సంగతి. ఆమె ఆరుగురిని సాకిన మనిషి, ఊళ్లో ఎవరి పిల్లకు నలతగా ఉన్నా ఆమెనే పిలుస్తారు. నూనె పెట్టి తానం పోయడం, సాంబ్రాణి పొగ, వస గీసి నాకించడం, ఇవన్నీ ఆమెకు కొట్టిన పిండి. ఈ పిల్లకు వాటిలో ఒక్కటీ వద్దని ఆమెకు చెప్పడం ఎట్లా అని నాకు మిషన్ కంటే ఎక్కువ దిగులు పట్టుకుంది. ఫోన్లో చెప్తే, "ఎట్లనే మరి బిడ్డా, తానం పోసినంక పొగ వెయ్యకపోతే పిల్లకు సలి పట్టదా?" అంది. నేను వాదించలేదు. మా ఆయనతో హైదరాబాద్ రమ్మని కబురు పెట్టాను. డాక్టర్ గారు ఆమెను కూర్చోబెట్టి, పాప ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించి, "పెద్దమ్మా, ఈ ఊపిరితిత్తులకు మామూలు దుమ్మే బరువు, పొగ అసలు తట్టుకోలేవు. ఇంకోటి, ఆక్సిజన్ ఉన్నచోట నిప్పు కణిక ఉంటే మంట అంటుకుంటుంది" అన్నారు. ఆమె ఆ ఎక్స్‌రేను చాలాసేపు చూసింది. ఇంటికి వచ్చి దేవుడి దీపాన్ని వంటగది అవతలి మూలకు మార్చింది, అగరుబత్తీలు పక్కింటామెకు ఇచ్చేసింది, మామయ్యను బీడీ కాల్చితే ఇంట్లోకి రావొద్దని, వచ్చినా చొక్కా మార్చి రావాలని చెప్పింది.

అంతేకాదు, చూడటానికి వచ్చేవాళ్ల పని కూడా ఆమే చూసుకుంది. నేనైతే ఎవరినీ వద్దనలేకపోయేదాన్ని. బాలింతను, బిడ్డను చూడటానికి వచ్చినవాళ్లను వాకిట్లోంచి పంపడం మనలో ఎంత తప్పో తెలుసు కదా. ఆమె గడప ముందు కుర్చీ వేసుకుని, పక్కన బకెట్, మగ్గు, సబ్బు పెట్టుకుని కూర్చునేది. వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చి, ఫోన్లో ఫోటో చూపించి, మాట్లాడి పంపేది. దగ్గు ఉన్నవాళ్లకు ఆ చాయ్ కూడా అరుగు మీదనే. మాకు, ఇంట్లో ఉండేవాళ్లందరికీ ఫ్లూ టీకా వేయించుకోమన్నారు, ఆమే అందరికంటే ముందు వేయించుకుంది. పాప టీకాలు మాత్రం పుట్టిన తేదీ లెక్కనే, నెలలు నిండలేదని వెనక్కి జరపరు. ఆరు వారాలవి హాస్పిటల్‌లోనే వేశారు.

కంటి పరీక్ష గురించి ఒక్క మాట, ఇది దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు ఉన్నా ఈ పరీక్ష చేయించాలి, పుట్టిన నెల రోజుల లోపే మొదటిది. మా పాపలా 28 వారాల లోపు వాళ్లకు రెండు మూడు వారాలకే. ఆర్‌ఓపీ అంటారు. బయటికి కన్ను బాగానే కనిపిస్తుంది, లోపల రెటీనా దెబ్బతింటుంది, సమయానికి పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో ఆపొచ్చు, వారం రెండు వారాలు అటూ ఇటూ అయితే చూపే పోవచ్చు. మా పాపకు రెండో దశ దాకా వచ్చి తగ్గుముఖం పట్టింది, కానీ డిశ్చార్జ్ అయ్యాక పది రోజులకు మళ్లీ చూపించాలన్నారు. ఇంటికి వచ్చిన సంతోషంలో, ఎండలో అంత దూరం ఎందుకులే అని చాలామంది ఇక్కడే ఆపేస్తారట. ఆ తేదీని క్యాలెండర్లో, తలుపు మీద, మా ఆయన షాపు గోడ మీద, మూడు చోట్ల రాసుకున్నాం.

నల్గొండలో ఎవరు చూస్తారన్నది కూడా ముందే తేల్చుకోవాలి. మా ఆయన పాత రిపోర్టులన్నీ పట్టుకుని ఇక్కడి పిల్లల డాక్టర్ ఒకరిని కలిసి, ఇలాంటి పాప వస్తోంది, మీరు చూస్తారా అని అడిగాడు. ఆయన చూస్తానన్నారు, అర్ధరాత్రి అయితే నా దగ్గరికి కాదు, నేరుగా గవర్నమెంట్ హాస్పిటల్‌లో నవజాత శిశువుల వార్డుకే పొండి అని కూడా నిక్కచ్చిగా చెప్పారు. ఒకరోజు రాత్రి పదకొండింటికి ఇంటి నుంచి అక్కడికి బండి మీద పోయి చూసుకున్నాడు, తొమ్మిది నిమిషాలు, రాత్రిపూట ఏ గేటు తెరిచి ఉంటుందో కూడా. మా వీధి ఆశా వర్కర్‌కు కూడా ముందే చెప్పి ఉంచాం.

చివరి రెండు రాత్రులు హాస్పిటల్‌లోనే ఒక చిన్న గదిలో నన్నూ పాపనూ మా మిషన్‌తో ఉంచారు. సిస్టర్ బయట ఉంటుంది, నేను పిలిస్తేనే వస్తుంది. రెండో రాత్రి మూడింటికి ఆక్సీమీటర్ మోగింది. 78. మాకు చెప్పింది 92కి తగ్గకూడదని. నాకు కాళ్లు చేతులు ఆడలేదు, అరిచాను. సిస్టర్ వచ్చి తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడింది. లోపలికి రాలేదు. "నంబరు కాదమ్మా, పాపను చూడు" అంది. చూశాను. పెదవులు ఎర్రగా ఉన్నాయి, పొట్ట నెమ్మదిగా లేచి పడుతోంది, కాలు తన్నుకుంటోంది, ప్రోబ్ పట్టీ ఊడి మడమ దగ్గరికి జారింది. సరిచేస్తే 95. గంట తర్వాత మళ్లీ మోగింది, 86. ఈసారి నేను నంబరు చూడలేదు, ముందు పాపను చూశాను. పెదవుల చుట్టూ బూడిద రంగు, ముక్కు పుటాలు ఎగరేస్తోంది. ముక్కు గొట్టం ఒక పక్క నుంచి జారి చెంప మీదికి వచ్చింది. సరిగ్గా పెట్టి, వీపు నిమిరి, నిటారుగా గుండెకు ఆనించుకున్నాను. 88, 90, 93. సిస్టర్‌ను పిలవాలన్న సంగతే గుర్తుకు రాలేదు. తెల్లారి ఆమె నా బుక్కులో ఆ రెండు లైన్లు చదివి, కింద తన సంతకం పెట్టింది. ఇంటికి పోవచ్చని నాకు నమ్మకం కలిగింది డాక్టర్ గారు డిశ్చార్జ్ కాగితం ఇచ్చినప్పుడు కాదు, ఆ సంతకం చూసినప్పుడు.

ఏప్రిల్ 19 పొద్దున ఆరింటికి, ఎండ ఎక్కకముందే, పాలు పట్టి, అరగంట ఆగి ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్‌లో బయల్దేరాం. పాప 2 కిలోల 100 గ్రాములు. బండి నడుస్తుండగా పాలు పట్టొద్దన్నారు, పొలమారితే కనిపెట్టలేం. అందుకే దారిలో ఒక్కసారి పాల టైం పడేలా చూసుకుని, పంతంగి టోల్ దాటాక నీడ చూసి ఆపి 40 మి.లీ. పట్టాం, అరగంట పట్టింది, డ్రైవర్ అన్న ఒక్కమాట విసుక్కోలేదు. నార్కెట్‌పల్లి దగ్గర మలుపు తిరిగాక మా అమ్మ పైట చాటున కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఇంటి ముందు అత్తమ్మ దిష్టి తీస్తానని నిలబడింది, హారతి లేదు, కర్పూరం లేదు, ఎర్ర నీళ్లు మాత్రమే.

నాలుగో రోజు సాయంత్రం గాలివాన వచ్చింది. కరెంటు పోయింది, ఇన్వర్టర్ అందుకుంది, రెండున్నర గంటలైనా కరెంటు రాలేదు. పూర్తిగా దిగిపోయేదాకా ఆగకుండా మా ఆయన టార్చ్ పట్టుకుంటే నేను సిలిండర్ తాళం తిప్పి, మీటర్ పావు దగ్గర పెట్టి, గొట్టం కొన చెంప దగ్గర పెట్టుకుని గాలి వస్తుందో లేదో చూసుకుని, గొట్టం మార్చాను. నిమిషం కూడా పట్టలేదు. పాప లేవనే లేదు. కరెంటు రాత్రి పదకొండింటికి వచ్చింది.

పాప వయసు రెండు రకాలుగా లెక్కపెట్టాలని డాక్టర్ గారు చెప్పారు, పుట్టిన తేదీ నుంచి ఒకటి, అసలు పుట్టాల్సిన తేదీ నుంచి ఒకటి. బోర్లా పడటం, కూర్చోవడం లాంటివి రెండో లెక్కలోనే చూడాలట. మా డెలివరీ డేటు మే 1. ఇది అత్తమ్మ మనసులో పెట్టుకుంది. పాప హాస్పిటల్‌లో ఉన్నప్పుడు 21వ రోజు తొట్టెల చేయలేదన్న బాధ ఆమెకు లోపల ఉండేది. మే 1 నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వచ్చి, 21న పొద్దున్నే తలస్నానం చేసి, "ఇయ్యాల్టికి పిల్లకు ఇరవై ఒకటి, తొట్టెల కడదాం" అంది. ఇంట్లో వాళ్లమే ఏడుగురం. మా అమ్మ తెచ్చిన పాత చీరతో తొట్టెల కట్టారు. మా ఆయన హాల్లోని మిషన్ దగ్గర నుంచి తొట్టెల దాకా గొట్టం అందుతుందా అని టేపు పెట్టి కొలిచాడు, మూరెడు తక్కువైంది. దూలానికి కొట్టిన కొక్కెం ఊడదీసి, మూరెడు ఇటు జరిపి మళ్లీ కొట్టాడు.